నీళ్లు కాచి తాగమన్నారు: ఎంతసేపు కాచాలి, ఎప్పటి వరకు కాచాలి

దక్షిణ ఒడిశాలో శ్రీకాకుళం సరిహద్దుకు దగ్గరగా ఉన్న ఒక పట్టణం నుంచి ఒక ఇల్లాలు అడిగిన ప్రశ్నకు ఇది నా సమాధానం. వరసగా కురిసిన వానల తర్వాత వాళ్ల వీధి కుళాయిల్లో నీళ్లు మట్టి రంగులో, కాస్త మురుగు వాసనతో వస్తున్నాయట. అదే వీధిలో మూడు ఇళ్లలో వాంతులు, విరేచనాలు మొదలయ్యాయి. నిన్న ఆటోకు మైకు కట్టుకుని వచ్చి, నీళ్లు కాచుకుని తాగండని ఒడియాలో చెప్పి వెళ్లారు. ఇంట్లో ఏడాదిన్నర బాబు ఉన్నాడు. కాన్పుకు పుట్టింటికి వచ్చిన ఆడపడుచుకు ఎనిమిదో నెల. ఎంతసేపు కాచాలి, ఇంట్లో ఉన్న ఆర్‌ఓ నీళ్లను కూడా కాచాలా, నీళ్లు తేటపడితే కాచడం మానేయవచ్చా, అసలు ఈ మురుగు ఎక్కడి నుంచి వచ్చింది అని ఆమె అడుగుతున్నారు.

నేను ఈ సరిహద్దు జిల్లాల్లోనే నీటి శుద్ధి కేంద్రాల్లో, పరీక్షా ప్రయోగశాలల్లో పనిచేసి రిటైరయ్యాను. నాకు తెలిసినంత వివరంగా చెబుతాను.

అమ్మా, ముందు ఈ రాత్రికే చేయవలసిన పని. తాగే ప్రతి చుక్కా కాచండి. నీరంతా పొర్లుతూ సలసలా మరిగే స్థితి వచ్చాక ఒక్క నిమిషం ఉంచితే చాలు. మూత పెట్టి, అదే గిన్నెలో చల్లారనివ్వండి. ఆర్‌ఓ నీళ్లను కూడా కాచండి. నీళ్లు తేటపడినా మానవద్దు. పరీక్షల ఫలితం వచ్చి, ఇక కాచనక్కరలేదని అధికారికంగా చెప్పే వరకు కొనసాగించండి. మీ ఆడపడుచు మాత్రం ఆ తర్వాత కూడా, కాన్పు అయ్యే వరకు, కాచిన నీళ్లే తాగాలి. ఎందుకో కింద చెబుతాను.

కాచే సమయం గురించి మన ఇళ్లలో రెండు రకాల పొరపాట్లు జరుగుతాయి. గిన్నె అడుగున చిన్న చిన్న బుడగలు కనిపించగానే కాగాయని దించేసేవాళ్లు కొందరు. ఆ బుడగలు నీటిలో కరిగి ఉన్న గాలి బయటికి రావడం వల్ల ఏర్పడేవి, అప్పటికి నీరు ఇంకా మరగలేదు. పది నిమిషాలు, ఇరవై నిమిషాలు మరిగించి సగం ఆవిరి చేసేవాళ్లు మరికొందరు. నిజానికి కలరా, టైఫాయిడ్ సూక్ష్మజీవులు, కామెర్ల వైరస్‌లు, జియార్డియా లాంటి పరాన్నజీవులు 100 డిగ్రీలకు చేరకముందే చావడం మొదలవుతుంది. 70 డిగ్రీలు దాటాక వాటిలో చాలా భాగం నిమిషాల వ్యవధిలోనే నశిస్తాయి. నీరు సలసలా మరిగే స్థితికి వచ్చేసరికి పని దాదాపు పూర్తవుతుంది, ఆ ఒక్క నిమిషం భద్రత కోసం. సముద్రమట్టానికి 2,000 మీటర్లకు పైన ఉండేవాళ్లు మూడు నిమిషాలు మరిగించాలి, ఎందుకంటే ఎత్తు పెరిగేకొద్దీ నీరు తక్కువ వేడికే మరుగుతుంది. మనకు ఆ అవసరం రాదు. ఒడిశాలో అన్నిటికన్నా ఎత్తయిన దేవమాలి శిఖరమే 1,672 మీటర్లు. కోరాపుట్‌లో ఉండే మీ బంధువులకు కూడా ఒక నిమిషం చాలు.

ఈ లెక్క ఎందుకు చెబుతున్నానంటే, గ్యాస్ అయిపోతుందన్న భయంతోనే చాలా ఇళ్లలో మూడో రోజుకు కాచడం ఆపేస్తారు. పన్నెండు లీటర్ల నీటిని మరిగే దాకా తేవడానికి సుమారు 150 గ్రాముల గ్యాస్ పడుతుంది. పది రోజులకు కిలోన్నర, అంటే 14.2 కిలోల బండలో పదో వంతు. నలుగురైదుగురున్న ఇంటికి తాగడానికి, పళ్లు తోముకోవడానికి, పాలడబ్బాకు, చద్దన్నానికి ఆ పన్నెండు లీటర్లు సరిపోతాయి. ఇరవై నిమిషాల పాటు మరిగిస్తే మాత్రం ఆ భయం నిజమవుతుంది.

మట్టి నీళ్లను నేరుగా పొయ్యి మీద పెట్టవద్దు. బిందెలో పోసి ఒకటి రెండు గంటలు కదపకుండా ఉంచండి. మట్టి అడుగుకు దిగాక పైనీటిని పాత నూలు చీరను నాలుగు మడతలు వేసి వడకట్టండి. పాత చీర అని కావాలనే అన్నాను. ఉతికి ఉతికి వదులైన నూలు పోగులు ఉబ్బి, కొత్త బట్టలో కన్నా సందులు సన్నగా అవుతాయి. బంగ్లాదేశ్‌లోని మత్లబ్ ప్రాంతపు పల్లెల్లో అమెరికా శాస్త్రవేత్త రీటా కాల్‌వెల్ బృందం ఇదే పద్ధతిని పరీక్షించి, 2003లో ఫలితాలు ప్రకటించింది. చీర మడతల్లో వడకట్టిన ఇళ్లలో కలరా కేసులు దాదాపు సగానికి తగ్గాయి. కలరా సూక్ష్మజీవులు నీటిలోని కంటికి ఆనని చిన్న చిన్న జీవులను అంటిపెట్టుకుని ఉంటాయి, బట్ట వాటిని ఆపుతుంది. అయితే సగం తగ్గడం మీ బాబుకు సరిపోదు. వడకట్టాక కాచి తీరాలి. పటిక వాడే అలవాటుంటే చిన్న ముక్కను రెండు మూడు సార్లు నీటిలో తిప్పి తీసేయండి. పటిక మట్టిని దించుతుందే గాని సూక్ష్మజీవుల పని పట్టదు.

ఇప్పుడు నేను అన్నిటికన్నా ఎక్కువ నొక్కి చెప్పదలచుకున్న మాట. కాచడం చాలామంది సరిగానే చేస్తారు. కాచిన తర్వాతే నీళ్లు చెడిపోతాయి. మునిసిపల్ కుళాయి నీటిలో ఎంతో కొంత క్లోరిన్ మిగిలి ఉంటుంది, తర్వాత పడే సూక్ష్మజీవులను అది కొంతవరకు అడ్డుకుంటుంది. కాచినప్పుడు ఆ క్లోరిన్ పోతుంది. అంటే కాచి చల్లార్చిన నీటికి స్వయంగా రక్షణ ఏదీ ఉండదు. దానిలో ఒక్క మురికి వేలు మునిగినా చాలు. మన ఇళ్లలో జరిగేది చూడండి. కాచిన నీళ్లను కడిగామనుకున్న వేరే బిందెలోకి వంపుతాం. ఆ బిందెను కడిగింది అదే కుళాయి నీటితో. త్వరగా చల్లారాలని చెంబుడు పచ్చి నీళ్లు కలుపుతాం. ఆ తర్వాత ఇంటిల్లిపాదీ గ్లాసు ముంచుకుంటారు, వేళ్లు నీటికి తగులుతాయి. విరేచనాలవుతున్న మనిషి కూడా అదే బిందెలో ముంచితే, పొద్దున కాచిన శ్రమంతా వృథా.

అందుకని కాచిన గిన్నెలోనే ఉంచండి. వేరే పాత్రలోకి మార్చక తప్పదనుకుంటే మరిగే నీళ్లతోనే దాన్ని తొలిచి, అప్పుడు పోయండి. కిందికి కుళాయి ఉన్న స్టీలు డ్రమ్ము ఉంటే అంతకన్నా మేలైనది లేదు. లేకపోతే పొడవాటి కాడ ఉన్న గరిటె ఒకటి దానికే కేటాయించి, మేకుకు వేలాడదీయండి. గ్లాసు ఎవరూ ముంచకూడదు. పొద్దున కాచినవి మర్నాటి పొద్దుటికి మిగిలితే అంట్లకు వాడేసి, మళ్లీ కాచుకోండి.

తాగే నీళ్లు అనగానే గ్లాసే గుర్తొస్తుంది. మన ప్రాంతంలో అంతకన్నా పెద్ద దారి చద్దన్నం. రాత్రి అన్నంలో కుళాయి నీళ్లు పోసి పొద్దున తినే పఖాళం ఒడిశాలో ప్రతి ఇంటి తిండి, మన తెలుగిళ్లలోనూ అంతే. నీళ్లు కాచి తాగే ఇళ్లలో కూడా పఖాళంలో పచ్చి నీళ్లు పోయడం నేను ఎన్నోసార్లు చూశాను. వండిన అన్నం, నీళ్లు, రాత్రంతా వెచ్చదనం: సూక్ష్మజీవులు పెరగడానికి ఇంతకన్నా అనువైన చోటు ఉండదు. చద్దన్నం మానక్కరలేదు, కాచి చల్లార్చిన నీళ్లు పోయండి. మజ్జిగలో కలిపే నీళ్లు, పచ్చడి రుబ్బేటప్పుడు పోసే నీళ్లు, పళ్లు తోముకునే నీళ్లు, బాబు నోట్లో పెట్టుకునే బొమ్మలు కడిగే నీళ్లు కూడా కాచినవే కావాలి. కూరకు, పప్పుకు ఎలాగూ మరుగుతాయి కనుక వడకట్టిన నీళ్లు చాలు. స్నానానికి, బట్టలకు మామూలు నీళ్లే వాడుకోండి, బాబుకు స్నానం చేయించేటప్పుడు నోట్లోకి పోకుండా చూడండి. ఈ కొన్నాళ్లూ గుప్‌చుప్ (పానీపూరీ) బండి, ఐసు గోళా, రథయాత్ర రోజుల్లో వీధిలో పంచే పానకం వద్దు. బండివాళ్ల మీద కోపంతో అంటున్నది కాదు, వాళ్లు పట్టుకునేదీ ఇవే కుళాయి నీళ్లు.

ఆర్‌ఓ గురించి. పొర బాగున్న కొత్త యంత్రం సూక్ష్మజీవులను కూడా ఆపగలదు, కాని మన ఇంట్లో యంత్రం ఆ స్థితిలో ఉందో లేదో బయటి నుంచి తెలియదు. రబ్బరు వాషరు దగ్గర సన్నని కారుడు ఉన్నా చాలు. శుభ్రమైన నీరు చేరే లోపలి తొట్టెలో క్లోరిన్ ఉండదు కాబట్టి అక్కడ పాకుడు పడుతుంది. యంత్రంలో ఉన్న అతినీలలోహిత దీపం మట్టి నీటిలో సరిగా పనిచేయదు, మట్టి రేణువుల చాటున సూక్ష్మజీవులు తప్పించుకుంటాయి. కరెంటు పోతే అదీ లేదు. ఇరవై లీటర్ల క్యాన్ల విషయంలోనూ అదే మాట. ఆ నీళ్లు ఎక్కడివో, ఎవరు పరీక్షించారో తెలియనప్పుడు కాచుకోవడమే ఉత్తమం.

పొయ్యి వెలిగించే వీలు లేనివాళ్లకు క్లోరిన్ మాత్రలు ఉన్నాయి. ఆశా కార్యకర్త దగ్గర దొరుకుతాయి. ఎన్ని లీటర్లకు ఒక మాత్ర అన్నది అట్ట మీద చూసి వేయండి, మాత్రల బలం అన్నిటికీ ఒకటి కాదు. నీళ్లు ముందు తేటగా ఉండాలి, మాత్ర కరిగాక అరగంట ఆగాలి. కొంచెం మందు వాసన వస్తే భయపడకండి, క్లోరిన్ మిగిలి ఉందనడానికి అదే గుర్తు. నేల బావికి బ్లీచింగ్ పౌడరు వేసేవాళ్లు పొడిని చేత్తో విసిరేస్తుంటారు. అలా చేస్తే సగం అడుగుకు పోతుంది. వెయ్యి లీటర్లకు రెండున్నర గ్రాముల తాజా పొడిని ముందు కొద్ది నీళ్లతో ముద్దగా కలపాలి. తర్వాత బకెట్టులో ముప్పావు వంతు వరకు నీళ్లు పోసి కలిపి, పది నిమిషాలు కదపకుండా ఉంచాలి. అడుగున తెల్లగా పేరుకునేది సున్నం, దాన్ని పారేయాలి. పైన తేరిన నీటిని వేరే బకెట్టులోకి వంచి, ఆ బకెట్టును బావిలోకి దించి నీటి మట్టం కింద పైకీ కిందికీ ఆడించాలి. గంట తర్వాత తోడుకోవచ్చు. తాజా పొడిలో మూడో వంతు దాకా క్లోరిన్ ఉంటుంది, మూట విప్పి వానాకాలం తేమలో ఉంచితే వారాల్లో నీరసించిపోతుంది. వాసన లేని పొడి వేసి నిశ్చింతగా ఉండకూడదు.

కాచడం అన్ని రోగాలకూ మందు కాదని కూడా చెప్పాలి. సూక్ష్మజీవులను చంపడం వరకే దాని పని. ఫ్లోరైడు, నైట్రేటు, ఆర్సెనిక్, పురుగుమందు లాంటివి కాచితే పోవు, ఆవిరైన నీటి మేరకు ఇంకాస్త చిక్కబడతాయి. మన రాష్ట్రంలోనే నువాపడా జిల్లాలో ఫ్లోరైడు వల్ల ఎముకలు వంగిపోయిన మనుషులున్నారు, అక్కడ నీళ్లు కాచి ఇవ్వడం వల్ల ప్రయోజనం లేదు. సరిహద్దుకు అటువైపు శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో కిడ్నీ జబ్బు ఉంది కదా, కాచి తాగితే రాదా అని చాలామంది అడుగుతుంటారు. ఆ జబ్బుకు కారణం ఇంకా తేలలేదు. కాబట్టి కాచిన నీళ్లతో అది ఆగుతుందని ఎవరైనా చెబితే నమ్మకండి. మీ నీటిలో కిరసనాయిలు వాసనో, మందుల వాసనో వస్తే కాచడం ఆపి, వేరే నీరు తెచ్చుకోండి. మీరు చెప్పింది మురుగు వాసన కాబట్టి కాచడమే సరైన పని.

మురుగు ఎక్కడిది అన్న ప్రశ్నకు వద్దాం. శుద్ధి కేంద్రంలో తప్పు జరిగి ఉంటే పట్టణమంతా జబ్బుపడాలి. ఒక వీధిలో మూడు ఇళ్లంటే నా అనుమానం వీధి పైపుల మీదే. మన పట్టణాల్లో నీళ్లు రోజంతా రావు, పొద్దున కాసేపు, సాయంత్రం కాసేపు వస్తాయి. నీళ్లు వస్తున్నంతసేపు పైపు లోపల ఒత్తిడి ఉంటుంది, చిల్లు ఉంటే నీరు బయటికి చిమ్ముతుంది. సరఫరా ఆగాక పైపు ఖాళీ అవుతూ లోపలికి లాగడం మొదలుపెడుతుంది. అదే చిల్లు గుండా బయటి కాలువ నీరు లోపలికి పోతుంది. మర్నాడు పొద్దున నీళ్లు వదలగానే ఆ మురుగంతా ముందు వచ్చి మీ బిందెలో పడుతుంది. కర్ణాటకలో హుబ్బళ్లి-ధార్వాడ్‌లో రోజంతా నీళ్లొచ్చే వార్డులను, విడతలవారీగా వచ్చే వార్డులను పోల్చి చూసిన పరిశోధనలో ఇదే తేలింది. విడతలవారీ సరఫరాలో, అందులోనూ మొదట వచ్చే నీటిలో, కాలుష్యం ఎక్కువ. అందుకే నీళ్లు రాగానే బిందె పెట్టకండి. తొలి బకెట్లు మొక్కలకో, మరుగుదొడ్డికో వాడి, రంగు వాసన తగ్గాక తాగే నీళ్లు పట్టండి.

కుళాయికి నేరుగా మోటారు బిగించి లాగే ఇళ్లు మీ వీధిలో ఉంటే వాళ్లతో మాట్లాడండి. మోటారు లాగినప్పుడు సరఫరా వేళలో కూడా పైపులో ఒత్తిడి పడిపోతుంది, పక్కింటి దగ్గరున్న చిల్లులోంచి మురుగును లాక్కువస్తుంది. ఆ మురుగు ముందుగా పోయేది మోటారు పెట్టినవాళ్ల ఇంట్లోకే. ఈ సంగతి చెబితే కోపగించుకోకుండా వింటారు.

చిల్లు ఎక్కడుందో ఇంజనీరు వచ్చే దాకా ఆగనక్కరలేదు, మీరే వెతకవచ్చు. మన వీధుల్లో మెయిన్ పైపు రోడ్డుకు ఒక పక్కన ఉంటే, అటువైపు ఇళ్లకు పోయే ఇనుప పైపులు మురికి కాలువను దాటి పోతాయి. చాలాచోట్ల కాలువ గోడలో కన్నం కొట్టి, నీటిలో మునిగేలా వేసేస్తారు. ఆ పైపు తుప్పు పట్టేది సరిగ్గా కాలువ నీటి మట్టం దగ్గరే, తడి పొడి మారి మారి తగిలే చోట. నీళ్లు వచ్చే వేళకు ఇద్దరు ముగ్గురు కాలువ వెంట నడవండి. నల్లటి మురుగులో ఒకచోట తేట నీరు ఊరుతున్నట్టు, బుడబుడమని పైకి వస్తున్నట్టు కనిపిస్తే అక్కడే చిల్లు. నీళ్లు ఆగిన తర్వాత అదే చోట మురుగు సన్నగా సుడి తిరుగుతూ దిగుతుంటుంది. ఫోనుతో వీడియో తీసి, తేదీ, వేళ రాసి నీటి సరఫరా కార్యాలయానికి ఇవ్వండి. వాల్వు గుంతలు కూడా చూడండి. వాన నీరు, మురుగు నిండిన గుంతలో వాల్వు మునిగి ఉంటే, సరఫరా ఆగినప్పుడల్లా అది మురుగు తాగుతున్నట్టే. మీ ఇంటి సంపును కూడా మరవద్దు. సెప్టిక్ ట్యాంకుకు దగ్గరగా ఉన్న సంపుల్లోకి వానాకాలంలో గోడ పగుళ్ల గుండా ఊట చేరుతుంది. వీధి పైపు బాగయినా ఆ ఇంట్లో జబ్బు తగ్గదు.

2018 అక్టోబరు 11న తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటినప్పుడు గజపతి జిల్లాలో కొండ చరియలు విరిగిపడ్డాయి, వంశధార పొంగింది. అలాంటి విపత్తుల్లో కరెంటు లేక మోటార్లు నడవవు, పైపులు రోజుల తరబడి ఖాళీగా ఉంటాయి. నీళ్లు తిరిగి వచ్చిన రోజున అందరూ సంతోషంగా బిందెలు నింపుకుంటారు, నా దృష్టిలో అన్నిటికన్నా ప్రమాదకరమైన రోజు అదే. వరద తర్వాత మొదటి వారం ఎవరూ చెప్పకపోయినా కాచి తాగాలి.

ఇక పరీక్ష సంగతి. నీళ్లు తేటగా ఉండటానికి, శుభ్రంగా ఉండటానికి సంబంధం లేదు. గ్లాసులో అద్దంలా మెరిసే నీటిలో లక్షల సూక్ష్మజీవులు ఉండవచ్చు. మన దేశపు తాగునీటి ప్రమాణం ప్రకారం 100 మిల్లీలీటర్ల నీటిలో ఇ-కోలై, అంటే మలం కలిసిందని చూపే సూక్ష్మజీవి, ఒక్కటి కూడా ఉండకూడదు. ఈ పరీక్షకు సూక్ష్మజీవులను పెంచి చూడాలి కనుక ఒకటి రెండు రోజులు పడుతుంది. ఒక్క నమూనా బాగుందని నమ్మకూడదు, రోజు తేడాతో వీధి చివరి కుళాయి నుంచి తీసిన మరో నమూనా కూడా బాగుండాలి. కాచి తాగమన్న నోటీసు వెంటనే ఎందుకు ఎత్తేయరని విసుగుపడేవాళ్లకు ఈ సంగతి చెప్పండి.

నమూనా మీరే తీసుకెళ్లేటట్టయితే శీతల పానీయం సీసా కడిగి పట్టుకెళ్లవద్దు. ప్రయోగశాలే వేడిలో శుద్ధి చేసిన సీసా ఇస్తుంది. క్లోరిన్‌ను విరిచే మందు అందులో వేసే ఉంటుంది, కాబట్టి సీసాను తొలవకూడదు. కుళాయి మూతిని తుడిచి, రెండు నిమిషాలు నీరు వదిలి, మూత లోపలి వైపు వేలు తగలకుండా పట్టి, పైన కొంచెం ఖాళీ వదలండి. ఐసు పెట్టెలో పెట్టి ఆరు గంటల్లోగా చేర్చండి. ఇలా కాకుండా తెచ్చిన నమూనా ఫలితాన్ని పట్టుకుని అధికారితో వాదించలేరు.

క్లోరిన్ పరీక్ష మాత్రం కుళాయి దగ్గరే, నిమిషంలో అయిపోతుంది. ఒడిశా పట్టణాల్లో స్వయం సహాయక సంఘాల నుంచి వచ్చిన జలసాథీ మహిళలు బిల్లులు వసూలు చేయడంతో పాటు నీటి పరీక్షలు కూడా చేస్తారు. వారిని పిలిచి, వీధి చివరి ఇంటి కుళాయి దగ్గర పరీక్ష చేయించండి. మందు వేసిన నీరు రంగు మారితే, ఆ రంగును పట్టీతో పోల్చి క్లోరిన్ ఎంతుందో చెబుతారు. లీటరుకు కనీసం 0.2 మిల్లీగ్రాములు ఉండాలి. ట్యాంకు దగ్గర ఉండి మీ ఇంటి దగ్గర లేకపోతే, దారిలో ఏదో మురుగు ఆ క్లోరిన్‌ను మింగేస్తోందన్నమాట. అప్పుడు పైపు తవ్వి చూడాలని గట్టిగా అడగవచ్చు. పల్లెల్లో అయితే హైడ్రోజన్ సల్ఫైడ్ సీసాలు వాడతారు. గీత దాకా నీరు నింపి వెచ్చని చోట ఉంచితే, మలం కలిసిన నీరైతే ఒకటి రెండు రోజుల్లో నల్లబడుతుంది. 1982లో గ్వాలియర్‌లోని మన రక్షణ శాఖ శాస్త్రవేత్తలు రూపొందించిన పరీక్ష ఇది. ప్రయోగశాల లేని ఊళ్లో దీనికి మించిన సాధనం నేను చూడలేదు.

మీ ఆడపడుచు విషయం. మురుగు కలిసిన నీటి ద్వారా వచ్చే కామెర్లలో హెపటైటిస్-ఇ అనేది ఒకటి. మామూలు మనుషులకు కొన్ని వారాల్లో తగ్గిపోతుంది, కాని గర్భిణులకు చివరి మూడు నెలల్లో సోకితే చాలా ప్రమాదం. అటువంటి తల్లుల్లో 20 శాతానికి పైగా మరణాలు నమోదయ్యాయి. పైగా ఈ వైరస్ ఒంట్లో చేరాక రెండు నుంచి పది వారాల తర్వాత గాని జబ్బు బయటపడదు. 1955 చివరలో ఢిల్లీలో యమున పాయ దారి మారి, నగర మురుగు వజీరాబాద్ నీటి కేంద్రంలోకి చేరింది. సిబ్బంది గమనించి క్లోరిన్ పెంచారు, టైఫాయిడ్ పెరగలేదు. కాని కొన్ని వారాలకు సుమారు 29 వేల మందికి కామెర్లు వచ్చాయి. ఆ వైరస్ ఇదేనని దశాబ్దాల తర్వాత తేలింది. నోటీసు ఎత్తేశాక కూడా ఆమెకు కాచిన నీళ్లే ఇవ్వమన్నది అందుకే. కళ్లు పచ్చబడినా, మూత్రం ముదురు పసుపు రంగులో వచ్చినా, అన్నం వాసనకే వికారం పుట్టినా ఇంటి వైద్యం, పసరు మందు, మంత్రం వద్దు. అదే రోజు ఆసుపత్రికి తీసుకెళ్లండి.

ఇంట్లో ఎవరికైనా విరేచనాలు మొదలైతే ఓఆర్‌ఎస్ ప్యాకెట్ లీటరు కాచి చల్లార్చిన నీటిలో మొత్తం కలిపి, ఆ రోజుకే వాడండి. ప్యాకెట్ అందుబాటులో లేకపోతే లీటరుకు ఆరు టీస్పూన్ల పంచదార, అర టీస్పూను ఉప్పు, చెంచా మీద గోపురం రాకుండా సమంగా కొలిచి కలపాలి. రెండేళ్ల లోపు పిల్లలకు ప్రతి విరేచనం తర్వాత 50 నుంచి 100 మిల్లీలీటర్లు చెంచాతో కొద్దికొద్దిగా పట్టండి. వాంతి చేసుకుంటే పది నిమిషాలు ఆగి మళ్లీ మొదలుపెట్టండి. తల్లిపాలు, అన్నం ఆపవద్దు. ఆశా కార్యకర్త జింకు మాత్రలు ఇస్తారు, మీ బాబు వయసుకు రోజుకు 20 మిల్లీగ్రాముల చొప్పున 14 రోజులు. 1971లో పశ్చిమ బెంగాల్‌లోని బనగావ్ శరణార్థుల శిబిరంలో సెలైన్ సీసాలు అయిపోయినప్పుడు డాక్టర్ దిలీప్ మహలనబిస్ ఈ ఉప్పు, పంచదార నీళ్లతోనే వేలమందిని కలరా నుంచి బతికించారు. ఈ ద్రావణాన్ని చిన్నచూపు చూసి సెలైన్ కోసమే పరిగెత్తేవాళ్లకు ఆ సంగతి చెప్పండి. అయితే బియ్యం కడుగు నీళ్ల లాంటి విరేచనాలు ఆగకుండా అవుతుంటే, కళ్లు లోతుకు పోతే, ఆరేడు గంటలుగా మూత్రం రాకపోతే ఓఆర్‌ఎస్ పడుతూనే 108కి ఫోన్ చేయండి. మన పక్కనే రాయగడ జిల్లా కాశీపూర్ బ్లాకులో 2007లోనూ, మళ్లీ 2022 జులైలోనూ కలరా వచ్చింది. మన కొండ ప్రాంతాల్లో వానాకాలపు విరేచనాలను అజీర్ణమని కొట్టిపారేయకూడదు.

ఇంకొకటి. మైకులో ఒడియాలో చెప్పారన్నారు. మీకు అర్థమైంది సరే. ఆంధ్ర నుంచి కొత్తగా కాపురానికి వచ్చిన కోడళ్లకు, ఒడియా చదవడం రాని పెద్దవాళ్లకు, కొండల నుంచి కూలికి వచ్చే సవర కుటుంబాలకు ఎంత అర్థమైందో ఆలోచించండి. ఆటో వెళ్లిన వేళకు పొలంలోనో పనిలోనో ఉన్నవాళ్లకు అసలు వినిపించే ఉండదు. కాగితం మీద ‘ఒక నిమిషం మరిగించండి, మూత పెట్టండి, గ్లాసు ముంచవద్దు, చద్దన్నంలోనూ కాచిన నీళ్లే’ అని తెలుగులో, ఒడియాలో రాసి వీధి కుళాయి దగ్గర, కిరాణా కొట్టు దగ్గర, అంగన్‌వాడీ తలుపు మీద అంటించండి. సవర మాట్లాడేవాళ్లకు ఆశా కార్యకర్త చేత నోటితో చెప్పించండి. జబ్బుపడిన ఇళ్ల పేర్లు కాగితం మీద రాయవద్దు. ఏ వరసలో ఎన్ని ఇళ్లు, ఏ రోజు మొదలైంది అన్నది మాత్రం ఆరోగ్య కేంద్రానికి ఇవ్వండి. ఆ వివరాలను పట్టుకునే ఏ పైపు తవ్వాలో తేలుస్తారు.

నోటీసు ఎత్తేసిన రోజున పాత నీళ్లు ఇంటి పైపుల్లో, సంపులో, మేడ మీది ట్యాంకులో ఇంకా ఉంటాయి. ముందు సంపును, ట్యాంకును ఖాళీ చేసి, గోడలను బ్రష్‌తో రుద్ది, బ్లీచింగ్ నీటితో కడిగి వదిలేయండి. ఆ పని చేసేటప్పుడు ముక్కుకు గుడ్డ కట్టుకుని, గాలి ఆడేలా చూసుకోవాలి. సంపులోకి మనిషిని ఒంటరిగా దించవద్దు. తర్వాత కొత్త నీరు పట్టి, ఇంట్లో ప్రతి కుళాయినీ ఐదు నిమిషాలు తెరిచి వదలండి. ఆర్‌ఓ యంత్రంలో ముందుండే వడపోత గుళికలు మార్పించి, లోపలి తొట్టెను శుభ్రం చేయించండి. ఫ్రిజ్‌లో మిగిలిన ఐసు ముక్కలు పారబోయండి. ఆ మర్నాడు జలసాథీని మరోసారి పిలిచి మీ కుళాయి దగ్గర క్లోరిన్ చూడమనండి. 0.2 కన్నా తక్కువ ఉంటే నోటీసు లేకపోయినా కాచడం కొనసాగించి, ఆ అంకెను రాసి కార్యాలయంలో ఇచ్చి రసీదు తీసుకోండి.